350 పదాల్లో ఒక విద్యార్థి

ఎప్‌సెట్ ర్యాంకుతో సీటు తేలిపోయే పద్ధతికి అలవాటుపడిన, గోదావరి ఒడ్డున కాగితపు మిల్లున్న సారపాక ఊరి విద్యార్థులకు, విదేశీ విశ్వవిద్యాలయాల దరఖాస్తుల్లోని లఘువ్యాసం, అంటే అభ్యర్థి తన గురించి పరిమిత పదాల్లో రాసే సమాధానం, కొత్తగా తోచడం సహజం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డిగ్రీ ప్రవేశానికి 8 ప్రశ్నలిచ్చి, వాటిలో నాలుగింటికి, ఒక్కొక్కటి 350 పదాలు మించకుండా, జవాబు రాయమంటుంది. తన బడినో ఊరినో మెరుగుపరచడానికి అభ్యర్థి ఏమి చేశాడన్నది వాటిలో ఒకటి. సమాజసేవే ఆశయమని ఎవరైనా రాయగలరు గనుక ఆ మాటకు విలువ తక్కువ. కాగితపు మిల్లుకు జామాయిల్ కర్ర తోలే తండ్రికి తూకపు చీటీ చదివి చెప్పిన అమ్మాయి, ఆ లెక్కను ఇరుగుపొరుగు రైతులకు ఎలా నేర్పిందో రాస్తే, చదివే అధికారికి మనిషి కనబడుతుంది. గోదావరి వర్ణనకే సగం జాగా ఖర్చుచేయడం పెద్ద పొరపాటు. ప్రశ్న అడిగింది చేసిన పని గురించే కాబట్టి, విద్యార్థులు మొదటి రెండు వాక్యాల్లోనే ఆ పనిని చెప్పాలి.