ఆదివారం మధ్యాహ్నం అమ్మతో



మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం. మాది కేజీఎఫ్. మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి బంగారు గనిలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి మా ఊళ్ళో చాలా ఇళ్ళ బతుకు రైలు మీదే నడుస్తోంది. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, బెంగళూరులో పని చేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళలో మా అమ్మ ఒకరు.

ఆదివారం ఒక్కటే అమ్మ ఇంట్లో ఉండేది. గుడి నుంచి రాగానే మేము చెరొక ఫోను పట్టుకొని చెరొక మూల చేరేవాళ్ళం. పోట్లాటలు లేవు కదా, ఇల్లు బాగానే ఉందనుకున్నాం.

పోయిన వేసవిలో ఒక ఆదివారం కరెంటు పోయింది. ఫోన్లలో ఛార్జింగూ అయిపోయింది. అమ్మ చింతపండులో గింజలు తీస్తూ ఉంటే మేమూ పక్కన కూర్చున్నాం. పావుగంట సేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. చెల్లి అమ్మ చేతులు చూసి, "ఏంమా, ఇట్లా పగిలినాయి?" అంది. "యాసిడ్ వేసి కడుగుతాం కదా" అంది అమ్మ.

అమ్మ ఒక ఆఫీసులో మరుగుదొడ్లు కడుగుతుంది. మాకది తెలుసు. కాలేజీలో ఎవరైనా అడిగితే మాత్రం "ఆఫీసులో పని" అని ఊరుకునేవాళ్ళం. ఆ రోజే అమ్మ తన దినమంతా చెప్పింది. కూర్చోను చోటు లేక మెట్ల కింద అన్నం తినడం చెప్పింది. రైల్లో ఆడవాళ్ళు చిక్కుళ్ళు ఒలుస్తూ చెప్పుకునే కబుర్లు చెప్పి కడుపుబ్బ నవ్వించింది. చీకటి పడిందాకా మేము లేవలేదు.

సెలవుల్లో ఒకరోజు మేమూ అమ్మతో రైలెక్కాం. కంఫర్ట్ జోన్ దాటడమంటే ఎక్కడికో దూరదేశం పోవడం అనుకునేవాళ్ళం. మాకది అమ్మ పనిచోటు దాకా పోవడమే అయింది. రైల్లో ఒక అత్త, "నాకు ఆదివారం కూడా లేదమ్మా, రాకపోతే జీతం కోస్తారు" అంది.

నిర్గమకాండము 20వ అధ్యాయంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ మనకు కంఠతా వచ్చు. అందులో దాసుడు, దాసి, పరదేశి, చివరికి పశువులు కూడా ఉన్నాయని మనం ఎన్నిసార్లు ఆగి ఆలోచించాం? మన ఇంటి ఆదివారం మనకు సంతోషమైతే, ఆ అత్త పిల్లలకూ అది దక్కాలి కదా. వారానికి ఒక సెలవు ఎవరి దయా కాదు, చట్టం ఇచ్చిన హక్కు.

ఇప్పుడు ఆదివారం 2 నుంచి 4 దాకా మా ఫోన్లు బియ్యం డబ్బా మీద ఉంటాయి. అప్పుడప్పుడు అమ్మ తోటివాళ్ళు వస్తారు. టీ తాగుతూ వాళ్ళ జీతం చీటీలు చదివి పెడతాం, పీఎఫ్ కట్టారో లేదో చూస్తాం. ఆ అత్తకు ఇంకా ఆదివారం దొరకలేదు. ఆమె, తోటివాళ్ళు కలిసి ఇవ్వబోయే అర్జీ మేమే రాసిపెట్టాం. కాలేజీ ఫారంలో అమ్మ పని ఉన్నది ఉన్నట్టే రాశాం.

యౌవనులారా, ఈ ఆదివారం మీ అమ్మ పక్కనో నాయన పక్కనో కూర్చొని, "ఈ వారం పని ఎట్లా జరిగింది?" అని అడగండి. మొదటి పావుగంట మాటలు రావు. లేవకండి.