తీగకును ప్రమాణము కలదు
(అర్చకస్వామి ఉపన్యాస పాఠము)



ఆలయ నిర్మాణమున ప్రమాణము లేని వస్తువు లేదు. స్తంభము లావు దానిపై నిలుచు భారమును బట్టి నిర్ణయమగును. గోడలలో కనబడక సాగు విద్యుత్తీగకును అట్టి ప్రమాణమే కలదు. మోయవలసిన కరెంటును బట్టియే గాక, ఓర్చుకొనవలసిన వేడిమిని బట్టియు దాని లావును నిర్ణయింపవలెను.

మనము సాధారణముగా వాడు రాగితీగలపై నుండు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఓర్చును. కరెంటు పారునపుడు తీగ తానే వేడెక్కును. పరిసరముల వేడిమి దానికి తోడగును. 30 డిగ్రీల తావున, గోడకు అమర్చిన గొట్టములో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 24 ఆంపియర్లు మోయును. రోహిణికార్తెలో రేకుల కప్పు క్రింద 50 డిగ్రీలున్నచో అదే తీగ మోయదగినది 17 మాత్రమే. అట్టి మూడు సర్క్యూట్లను ఒకే గొట్టములో దూర్చినచో 12కు దిగును. అచట 20 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్నచో, వేడిమికి తొడుగు చెడుచున్నను అది ట్రిప్పు కాదు. నిజముగా 20 ఆంపియర్లు కావలెనన్న, మూడును కలిపి వేయునపుడు 6 చదరపు మిల్లీమీటర్ల తీగయు, దేని గొట్టము దానికే వేయునపుడు 4 చదరపు మిల్లీమీటర్ల తీగయు వలయును.

90 డిగ్రీలకు ఓర్చు తీగ కొంటిమి గనుక సన్ననిది చాలునని కొందరందురు. తీగ చివరను బిగించు స్విచ్చి, ఎం.సి.బి. టెర్మినళ్లు అంత వేడిమికి తగినవి కానిచో, చెడుట అచ్చటనే ఆరంభమగును. కావున రెంటిలో తక్కువ ఓర్చు దానిని బట్టియే లెక్క కట్టవలెను.

1997 జూన్ 7వ తేదీన తంజావూరు బృహదీశ్వరాలయ కుంభాభిషేక సమయమున యాగశాల పందిరికి నిప్పంటుకొని 40 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నిప్పు ఏ విధమున పుట్టినను, జనము క్రిక్కిరిసిన పందిరిలో అది ఎంతటి దారుణమో ఆ దినము లోకమునకు తెలిపినది. ఉత్సవములకు వేలాదిగా వచ్చు భక్తుల ప్రాణములు మన పూచీ.

పంకా రెక్కపై దాత పేరుండును. విద్యుద్దీపతోరణమును అందరును చూచి మెచ్చుకొందురు. గోడలోని తీగపై ఎవరి పేరును ఉండదు. అయినను పంకాయో, ఏ.సి.యో సమర్పింప దలచినవారు ముందుగా ఎలక్ట్రీషియనును పిలిచి, ఉన్న తీగ ఆ భారమును మోయగలదా యని విచారింపుడు. మోయజాలదని యతడు చెప్పినచో తగిన తీగనే సమర్పింపుడు. అది ఎవరికిని కనబడని కైంకర్యము, స్వామికి కనబడును.