నేతి పరిమళం – ఒక వర్తకుని ధర్మజీవనం

(ఎచ్చెర్లలో ఆలయ ప్రతిష్ఠా మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీర్ణోద్ధరణ పూర్తిచేసుకొని నూతన శోభతో వెలుగొందుతున్న ఈ సన్నిధిలో నాలుగు మాటలు విన్నవించుకొనే భాగ్యం కలగడం నా పూర్వజన్మ సుకృతం.

మనకు చేరువలోని శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఆలయాల శాసనాలను గమనించండి. స్వామివారి ముంగిట అఖండదీపం వెలగడానికి, దానికి నిత్యం నెయ్యి అందడానికి, ధనాన్నో పశువులనో సమర్పించినవారి పేర్లు వాటిలో కనిపిస్తాయి. రాజులతోపాటు వర్తకులూ దాతలుగా నిలిచారు. ఆ దీపపు నేతిని తలచుకొన్నప్పుడు, నెయ్యినే నమ్ముకొని జీవించిన మన కాలపు వర్తకుడొకరు నా మనస్సులో మెదులుతారు. ఆయనే కీర్తిశేషులు శ్రీ జి. పుల్లారెడ్డి గారు.

వారు 1921లో జన్మించారు. చిన్న చిన్న వ్యాపారాలతో జీవితం ఆరంభించి, 1948లో కర్నూలులో మిఠాయి దుకాణం తెరిచారు. 1953 నుండి 1956 వరకు ఆ పట్టణం ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. తరువాతి కాలంలో వారి దుకాణాలు హైదరాబాదుకూ విస్తరించాయి. పుల్లారెడ్డి నేతి మిఠాయి అంటే తెలియని తెలుగు కుటుంబం అరుదు.

ఆ పేరు ఎలా వచ్చింది? మిఠాయి వ్యాపారంలో నెయ్యి ఖరీదైన సరుకు. వనస్పతి చౌక. కొంత కలిపినా కొనేవారికి వెంటనే తెలియదు. తెలియదు కదా అని కలపకుండా ఉండడమే వర్తకునికి నిజమైన పరీక్ష. ఆ పరీక్షను ప్రతిదినం, పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఎదుర్కోవాలి. స్వచ్ఛమైన నేతికే పేరుపడిన ఆ దుకాణం దశాబ్దాల పాటు నిలిచిందంటే, ఆ పరీక్షలో ఎన్నివేల పర్యాయాలు నెగ్గి ఉండాలో ఊహించండి. బిడ్డ పుట్టినా, పెండ్లి కుదిరినా, పరీక్ష నెగ్గినా ఆ పొట్లం ఇంటింటా విప్పారు. ఇతరుల ఇంటి శుభకార్యంలో కల్తీ లేని వస్తువు ఉంచడం కూడా ఒక నైవేద్యమే.

ఆర్జించినదాన్ని వారు విద్యకు వినియోగించారు. కర్నూలులో ఇంజనీరింగు కళాశాల, దంతవైద్య కళాశాల వారి పేర వెలిశాయి. 1997లో హైదరాబాదులో బాలికల కోసం ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది. దానికి వారి సహధర్మచారిణి శ్రీమతి నారాయణమ్మ గారి పేరు పెట్టారు. వ్యాపారి వృద్ధిలోకి వచ్చాడంటే వెనుక ఇల్లాలి ఓర్పు ఉంటుంది. వేళకు భోజనానికి రాని భర్తకోసం ఎదురుచూడడం, లాభనష్టాల ఆటుపోట్లలో సంసారం నిలబెట్టడం, ఇవేవీ లెక్కల పుస్తకంలోకి ఎక్కవు. ఆమె పేరును ఆడపిల్లల చదువుకు ముడివేసిన సంసారిని గృహస్థధర్మం తెలిసినవారనాలి. పరుల ఇంటి ఆడపిల్లలు ఆ పేరుగల పట్టా చేతబుచ్చుకొని ఉద్యోగాలకు వెళ్లడం కన్న అఖండదీపం వేరొకటి ఉన్నదా?

2007లో శ్రీ పుల్లారెడ్డి గారు పరమపదించారు.

దాతలారా! మన ఎచ్చెర్లలో, శ్రీకాకుళంలో, రణస్థలంలో దుకాణం తెరచి కూర్చునే ప్రతి వర్తకునికీ ఈ జీవితం దగ్గరిదే. అందరూ కళాశాలలు కట్టలేకపోవచ్చు. తూకం సరిచూడగలరు. పనివానికి కూలి సకాలంలో ఇవ్వగలరు. అరువు అడగడానికి సిగ్గుపడి గుమ్మం దగ్గర తటపటాయించే పేదను పేరుపెట్టి లోపలికి పిలువగలరు. రాత్రి తలుపులు వేశాక భార్యాబిడ్డలతో కూర్చొని భోజనం చేయగలరు. స్వామి హుండీలో పడే రూపాయి ఏ త్రాసు మీదుగా వచ్చిందో స్వామికి తెలియనిది కాదు.

ఈ ఆలయపు శిలాఫలకం మీద మీ పేర్లు చెక్కబడ్డాయి. సంతోషం. మీ బిడ్డలు వాటిని చూపి, "మా నాన్నగారి కొట్లో సరుకు కళ్లు మూసుకొని కొనేవారు" అని చెప్పుకొనే రోజు రావాలని, ఆ యోగ్యతను మనందరికీ స్వామి ప్రసాదించాలని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.