ఉలి పట్టిన గుమాస్తా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించీ, డి.ఎ. గురించీ నాకంటే బాగా తెలిసిన వక్తలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీ ఉలి సంగతి చెప్పండి" అన్నారు. జీవితమంతా నోట్ ఫైళ్ళు రాసినవాడికి ఉలితో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. 2008లో పదవీ విరమణ చేశాక, మా వీధిలో ఉండే ఒక వృద్ధ వడ్రంగిగారి దగ్గర మూడేళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. ఊరంతా ఆయన్ని ఆచారిగారు అనేవారు. ఆయన నన్ను ఆఖరు వరకూ "గుమాస్తాగారూ" అనే పిలిచారు.

ఉలి పనికి కండబలం కావాలని చాలామంది భయపడతారు. కొంత బలం బెజ్జం తొలిచేటప్పుడు కావాలి, అదీ కొయ్యసుత్తి ఇచ్చేదే. మిగిలిన పనంతా గీత మీద, పదును మీద నడుస్తుంది. మన వయసువాళ్ళు నిక్షేపంగా చేయగలిగిన పని అని చెప్పడానికే నిలబడ్డాను.

అతుకులు చాలా రకాలున్నా నేను ఒక్కదాని గురించే చెబుతాను. కుర్చీ కాలును అడ్డపట్టెతో కలిపేది, తలుపు చట్రాన్ని నిలబెట్టేది అదే. ఒక చెక్కలో పలకగా బెజ్జం తొలుస్తాం, రెండో చెక్క కొసను నాలుకలాగా చెక్కుతాం. ఆ నాలుకను కుసి అంటారు. కుసి బెజ్జంలో దూరుతుంది. ఇది ఎంత పాత విద్యో వింటే ఆశ్చర్యం వేస్తుంది. జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర 7000 ఏళ్ళనాటి ఓక్ కలప బావులు బయటపడ్డాయి. ఇనుము ఇంకా తెలియని కాలంలో, రాతి పనిముట్లతో కట్టిన ఆ బావుల దుంగలకు బెజ్జాలూ కుసులూ ఉన్నాయి.

మేకు కొడితే సరిపోదా అని అడుగుతారు. చెక్క వానాకాలం అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. నిలువునా, అంటే నార వెంబడి, దాదాపు మారదు. మేకు మాత్రం ఉబ్బదు, తగ్గదు. ఏటేటా చెక్క కదిలేకొద్దీ మేకు చుట్టూ సందు పడుతుంది, పైగా తుప్పు. ఆ తర్వాత దాన్ని ఎంత కొట్టినా లాభం లేదు.

ఇక ఉలి. ఒక పక్క ఏటవాలు, రెండో పక్క చదునైన వీపు. కొత్త ఉలి కొన్నవారు ముందు వాలును నూరడం మొదలుపెడతారు. నూరవలసింది ముందు వీపును. వాదర దగ్గర ఒక అంగుళం మేర వీపు అద్దంలాగా చదును కావాలి. అది చదును కాకపోతే వాలును ఎంత నూరినా అంచు నిలవదు. వాలుకు 30 డిగ్రీలు చాలు. కోణమానిని అక్కర్లేదు. వాలు పొడవు ఉలి మందానికి సరిగ్గా రెట్టింపు ఉంటే అది 30 డిగ్రీలే. సానరాయి మీద నూనె చుక్కలు వేసి, ముందు గరుకు వైపు, తర్వాత నునుపు వైపు నూరాలి. వీపు వైపు బొటనవేలు అడ్డంగా రాస్తే సన్నని తీగలాంటిది తగులుతుంది. అది తగిలిందంటే వాలు అంచు దాకా నూరినట్టు లెక్క. అప్పుడు వీపును రాయికి చదునుగా ఆనించి ఆ తీగ తీసేయాలి. చివర పాత తోలు బెల్టు మీద నాలుగుసార్లు వెనక్కి లాగితే చాలు.

పదును పడిందో లేదో చూడడానికి ఆచారిగారు ఉలిని వెలుతురుకు ఎదురుగా పట్టేవారు. మొద్దు అంచు మీద వెలుతురు సన్నని గీతలా మెరుస్తుంది. పదునైన అంచు అసలు కనబడదు. "ఇంకా మెరుస్తోందండీ గుమాస్తాగారూ" అని తిరిగి నా చేతికిచ్చేవారు. అలా ఒక్కొక్క రోజు పూటంతా నూరడమే సరిపోయేది. మొద్దు ఉలే చేతులు కోస్తుంది. అది తెగక, బలం పెట్టి తోయవలసి వచ్చి, జారుతుంది.

చెక్క ఒకటిన్నర అంగుళాల మందం ఉంటే బెజ్జం అరంగుళం, అంటే మూడో వంతు. బెజ్జం ఎంత వెడల్పో ఉలి అంత వెడల్పు ఉండాలి. గీతలు పెన్సిలుతో కాక కత్తి మొనతో గీయాలి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, దాని ఏ అంచు అసలు గీతో తెలియదు. కత్తి గీత నారను తెంపుతుంది, ఉలి వాదర వచ్చి అందులో కూర్చుంటుంది. రెండు చెక్కల మీదా కొలతలు ఒకే ముఖం నుంచి తీసుకోవాలి. ఒక ఫైలుకు రెండు రిఫరెన్సు నెంబర్లు వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

తొలిచేటప్పుడు వాదర ఎప్పుడూ నారకు అడ్డంగా ఉండాలి. నార వెంబడి పెట్టి కొడితే అది గొడ్డలి వేటే, చెక్క చీలుతుంది. చెక్కను గట్టిగా బిగించి, దాని పక్కన కాకుండా కొస దగ్గర నిలబడి, పొడవునా చూస్తూ పని చేయాలి. ఉలి ఏ పక్కకు ఒరిగినా అక్కడి నుంచి వెంటనే తెలుస్తుంది. మొదటి దెబ్బ గీత మీద వేయకూడదు. దీనికి కారణం ఉంది. ఉలి దిగేటప్పుడు వాలు వైపున్న చెక్క దాన్ని వీపు వైపుకు నెడుతుంది. గీత మీదే పెట్టి కొడితే ఉలి గీత దాటి పోతుంది. అందుకని గీతకు అర పావు అంగుళం లోపల మొదలుపెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ, పొట్టు పెళ్ళగిస్తూ రెండో కొస దాకా వెళ్ళాలి. అక్కడా అంతే మిగల్చాలి. పెళ్ళగించేటప్పుడు ఉలి ఆనిన అంచు నలుగుతుంది. నలిగేది ఆ మిగిల్చిన ముక్కే కాబట్టి నష్టం లేదు. లోతు సగానికి వచ్చాక చెక్కను తిరగేసి రెండో వైపు నుంచి తొలవాలి. ఒకే వైపు నుంచి దించితే ఆఖరి దెబ్బకు అవతలి ముఖం పెచ్చు లేచిపోతుంది. రెండు బెజ్జాలూ కలిశాక, వీపును గీతకు ఆనించి, ఆ మిగిల్చిన ముక్కలను నిలువుగా కోసేస్తే పని పూర్తి.

కొట్టడానికి ఇనుప సుత్తి వద్దు. పిడికి పొన్ను ఉన్నా సరే, ఇనుము తగిలితే పగులుతుంది. చింత కొయ్య సుత్తి శ్రేష్ఠం.

కుసిని రంపంతో గీతకు కొంచెం బయటగా కోసి, మిగిలింది వెడల్పు ఉలితో పలచగా తీయాలి. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఇక్కడ సుత్తి లేదు. ఎడమచేతి వేళ్ళు ఉలి రేకును పట్టుకుని చెక్క మీద ఆనుతాయి. కుడిచేయి పిడిని పట్టుకుని, మోచేయి పక్కటెముకలకు ఆనించి ఉంటుంది. ఒంటి బరువు కాస్త ముందుకు వంచితే ఉలి కదులుతుంది. రెండు చేతులూ వాదరకు వెనకే ఉండాలి. దాని ముందు వేలు ఎప్పుడూ ఉండకూడదు. రెండు అంచుల నుంచీ మధ్యకు చెక్కాలి, లేకపోతే అవతలి అంచు చిట్లుతుంది. కుసి బెజ్జంలోకి సగం చేత్తో, మిగతా సగం కొయ్యసుత్తి చిన్న దెబ్బలతో దిగాలి. అంతకంటే బిగువైతే బెజ్జం పగులుతుంది.

నా కుడిచేయి కొన్నాళ్ళుగా వణుకుతోంది. రెండేళ్ళ క్రితం ఒక కార్యాలయంలో నా సంతకం పాతదానితో సరిపోలడం లేదని పూటంతా కూర్చోబెట్టారు. 34 ఏళ్ళు ఎన్ని వేల కాగితాల మీద ఆ సంతకం చేశానో! ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఒక కుసి చెక్కాను. గీత దాటలేదు. ఇందులో నా గొప్ప లేదు. కలం పట్టిన చేయి గాలిలో కదులుతుంది. ఉలి పట్టిన చేతికి ఎడమచేయి, చెక్క, ఒళ్ళు అన్నీ ఆసరాగా ఉంటాయి. వణుకు పిడి దాకా వస్తుంది గాని వాదర దాకా రాదు.

అయితే రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు, మధుమేహంతో వేళ్ళు తిమ్మిరెక్కేవారు డాక్టరుగారిని అడిగాకే ఉలి పట్టండి. అలాంటివారికి చిన్న గాయం కూడా చిన్నది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన పఠన మందిరంలోని ఆరు టేకు బెంచీలను తుక్కు కింద అమ్మి ప్లాస్టిక్ కుర్చీలు కొనాలని కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన ఉంది. నేను మూడు బెంచీలు తిరగేసి చూశాను. చెక్క ఎక్కడా పుచ్చలేదు. వదులైనవి కుసులే. రెండింటికి ఎవరో మేకులు కొట్టారు, ఊగుడు ఎక్కువగా ఉన్నవి ఆ రెండే. మేకులు పీకేయాలి. పాత వడ్రంగులు వజ్రం అని పిలిచే తోలు జిగురు వాడారు కాబట్టి, వేడినీళ్ళ గుడ్డ చుడితే అది మెత్తబడి అతుకు విడివడుతుంది. కుసికి రెండు పక్కలా పలచని టేకు పట్టీలు అతికించి, బెజ్జానికి సరిపడేలా మళ్ళీ చెక్కాలి. చివరగా వెదురు చీల. కాలికి వేసిన రంధ్రం కంటే కుసికి వేసే రంధ్రం దాని భుజం వైపు ఒక మిల్లీమీటరు జరిపి వేస్తే, చీల దిగేకొద్దీ కుసిని లోపలికి లాగుతుంది. ఆ పైన జిగురు లేకపోయినా కదలదు.

ప్రతిపాదనను రెండు నెలలు వాయిదా వేయమని అధ్యక్షులవారిని సభాముఖంగా కోరుతున్నాను. వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు వెనక వరండాలో మొదటి బెంచీ విప్పుతాను. అరంగుళం ఉలులు నా దగ్గర రెండున్నాయి. ఎవరింట్లోనైనా మేకులు పీకే పటకారు ఉంటే తీసుకురండి. సోదరీమణులు కూడా రావచ్చు. కళ్ళజోడు మాత్రం మరిచిపోకండి. సెలవు.