మన జిల్లాలలో గిరిజనులు: వారి నివాసములు, పంచాయతీల బాధ్యత
(వర్ధన్నపేటలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



వర్ధన్నపేట నుండి ఏ దిక్కునకు బయలుదేరినను, చెరువు కట్ట దాటి చెలకల వైపు కొంతదూరము సాగిన చాలును, ఒక తండా కనబడును. ఇది మనకు నిత్యము చూచుచున్న దృశ్యమే. కాని ఈ తండా ఇచ్చటనే ఏల వెలసినది? కోయవారు గోదావరి యడవులలోనే ఏల నిలిచిరి? ఎరుకల కుటుంబములు ఊరికి రెండు మూడేసి యిండ్లుగా ఏల చెదరియున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసిననే పంచాయతీ సభ్యునకు తన కర్తవ్యము స్పష్టమగును.

2011 జనాభా లెక్కల ప్రకారము నేటి తెలంగాణ ప్రాంతమున గిరిజనులు సుమారు 32 లక్షలు. అనగా నూటికి దాదాపు తొమ్మండుగురు. వీరు అన్నిచోట్ల ఒకే రీతిగా లేరు. వీరి నివాసమున మూడు విధములు కానవచ్చును.

మొదటిది, ఒకేచోట గుమిగూడియుండుట. ఉత్తరమున ఉట్నూరు ప్రాంతమున గోండులు, కొలాములు. మన పొరుగున ములుగు జిల్లాలోని ఏటూరునాగారము, తాడ్వాయి మొదలు భద్రాచలము వరకు కోయలు. గోదావరి కిరుప్రక్కల కొండలలో కొండరెడ్లు. దక్షిణమున నల్లమలలో చెంచులు కలరు. అడవియే వీరికి ఆధారము. ఈ ప్రాంతములలో అధికభాగము రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు క్రింద చేరినది. అచ్చట గిరిజనుల భూమి అన్యుల పాలు గాకుండ 1959 నాటి నిబంధనయు, దానికి 1970లో జరిగిన సవరణయు అడ్డుగా నిలిచియున్నవి. 1996 నాటి పెసా చట్టము వారి గ్రామసభలకు ప్రత్యేకాధికారముల నొసగినది.

రెండవది, మైదానములలో తండాలుగా విస్తరించియుండుట. లంబాడాలు పూర్వము ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోయుచు దేశమంతట సంచరించిన వర్తకులు. పదునేడవ శతాబ్దమున మొగలు సైన్యములకు ధాన్యము చేరవేయుచు దక్కనుకు వచ్చినవారు వీరిలో పెక్కురు. రైలు మార్గములు, రోడ్లు వచ్చిన పిదప ఎద్దుల వర్తకము క్షీణించెను. అంతట వారు ఊళ్ల వెలుపలి మెరక నేలలలో నిలిచి సేద్యమునకు దిగిరి. అందువలననే తండా మూలగ్రామమునకు దూరముగా నుండుట. తెలంగాణ గిరిజనులలో వీరు 20 లక్షలకు పైబడి యున్నను, వీరి తండాలలో ఎక్కువ భాగము షెడ్యూల్డు ప్రాంతమునకు వెలుపలనే కలవు. మన వర్ధన్నపేట ప్రాంతపు తండాలును అట్టివే. పైన చెప్పిన భూరక్షణ చట్టములు వీరికి వర్తింపవు.

మరియొక విశేషము వినుడు. ఆంధ్ర ప్రాంతపు సుగాలీలకు ముందే లభించిన షెడ్యూల్డు తెగ హోదా, తెలంగాణ లంబాడాలకు 1976 నాటి సవరణ చట్టము వలన గాని లభింపలేదు. ఈ జాతివారే కర్ణాటకలో షెడ్యూల్డు కులములలోను, మహారాష్ట్రములో విముక్త జాతులలోను లెక్కింపబడుచున్నారు. మనిషి మారలేదు, భాష మారలేదు. ఎల్ల దాటగానే హక్కు మారినది.

మూడవది, ఊరికి కొన్ని యిండ్లుగా చెదరియుండుట. బుట్టలు, తట్టలు అల్లి జీవించిన ఎరుకలవారు ఇందుకు నిదర్శనము. వీరికి ఏ గ్రామమునను సంఖ్యాబలము లేదు.

ఇపుడు మన విషయమునకు వత్తము. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో, అయిదు వందల జనాభా దాటిన తండాలు, గూడెములు పెక్కు స్వతంత్ర పంచాయతీలైనవి. ఇది గొప్ప మార్పు. కాని చిన్న తండాలు మూలగ్రామములోనే మిగిలినవి. ఎరుకల యిండ్ల మాట చెప్పనక్కరలేదు. వార్డుల రిజర్వేషను జనాభాను బట్టి నడచును గనుక, నాలుగైదు యిండ్ల వారి పక్షమున మాటాడు సభ్యుడు వారిలోనుండి వచ్చుట దుర్లభము. నీటి గొట్టము ఏ వాడకు ముందు వేయవలెనను చర్చ వచ్చినపుడు, చేతులెత్తి లెక్కించినచో వారి వాడ ఎల్లప్పుడు కడపటనే నిలుచును. ఓట్ల లెక్క న్యాయమైనదే. కాని దాహము ఓట్లను బట్టి కలుగదు.

కావున మేము కోరునవి మూడు. గ్రామసభలలో కొన్నింటిని తండాలోనే జరుపుడు. కూలికి పోయి వచ్చినవారు పాల్గొనునట్లు సాయంవేళ నేర్పాటు చేయుడు. చెదరియున్న కుటుంబముల పట్టిక నొకటి వ్రాసికొని, ఏ యింటికి కుల ధ్రువపత్రము, రేషను కార్డు, పింఛను లేవో విచారింపుడు. ఇంట గోర్ బోలీ మాటాడు బిడ్డ అంగన్‌వాడీకి వచ్చినపుడు, తెలుగు రాదని తెలివి లేదని తలపకుండ చూడుడు.

తమిళనాట కృష్ణగిరిలోను, ఒడిశాలో గంజాము, గజపతి జిల్లాలలోను, కర్ణాటకలో బళ్లారిలోను మన తెలుగువారు తక్కువ సంఖ్యలో నుండి, తమ బిడ్డలకు తెలుగు చదువు కావలెనని యడుగుచున్నారు. అచ్చటి పంచాయతీలు మనవారిని ఎట్లు చూడవలెనని మనము కోరుదుమో, ఇచ్చటి తండాను, ఎరుకల యింటిని మనమట్లే చూతము.