సాఫ్ట్‌వేర్ రాసేముందు ఎవరిని అడుగుతున్నారు?

(కోటబొమ్మాళిలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల్లో సాఫ్ట్‌వేర్ తయారీ మీద విద్యార్థులకూ సిబ్బందికీ ఇప్పిస్తున్న ఉపన్యాసాల గురించి మాట్లాడమన్నారు. హక్కుల సమావేశంలో ఇదేం విషయమని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ హాల్లో అంగన్‌వాడీ కార్యకర్తలున్నారు, ఉపాధి పనికి వెళ్ళినవాళ్ళున్నారు, ఇంజనీరింగ్ చదివే కూతుళ్ళున్న తల్లులున్నారు. సాఫ్ట్‌వేర్ మీ అందరి బతుకుల్లోకీ వచ్చేసింది, మిమ్మల్ని అడగకుండానే.

ఇక్కడి నుంచి జాతీయ రహదారి మీద నరసన్నపేట, శ్రీకాకుళం దాటితే ఎచ్చెర్ల. అక్కడ 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2016లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు శ్రీకాకుళం ప్రాంగణం, అంటే మనం ట్రిపుల్ ఐటీ అనేది, మొదలైంది. పదో తరగతి మార్కుల మీద సీట్లిచ్చే చోటు కనుక పల్లెల్లో సర్కారు బడుల్లో చదివిన ఆడపిల్లలు ధైర్యంగా అక్కడికి వెళ్ళగలుగుతున్నారు. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టి చేతులు పాడైపోయిన తల్లుల కూతుళ్ళు కంప్యూటర్ ముందు కూర్చోవడం చిన్న మార్పు కాదు. దీన్ని తేలిక చేసి మాట్లాడే మేధావులతో నాకు పేచీ ఉంది.

ఐతే అక్కడ ఈ పిల్లలకు చెబుతున్నదేమిటి? పేర్లెందుకు గానీ, చాలా కళాశాలల్లో ఇటువంటి ఉపన్యాసాలు విన్నాను. కంపెనీ నుంచి వచ్చిన వక్త ఏ భాష నేర్చుకుంటే ఏ జీతం వస్తుందో చెబుతాడు. ముందు వరసలో అధ్యాపకులుంటారు. సిబ్బందికి కూడా అని ఆహ్వానంలో రాసినా, రోజంతా విద్యార్థుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే ఒప్పంద ఉద్యోగినులు అక్కడ కనిపించరు. ఆ సమయానికి వాళ్ళు ఆఫీసులో ఎక్కిస్తూనే ఉంటారు! ఏ తెర దగ్గర పని ఆగిపోతుందో, ఏ గడి అనవసరమో వాళ్ళకు తెలిసినంతగా ఆ వక్తకు తెలియదు.

ప్రోగ్రాములు రాయడం మగవాళ్ళ పనిగా పుట్టలేదు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ను లోకానికి చూపించినప్పుడు దానికి ప్రోగ్రాములు సిద్ధం చేసినవాళ్ళు ఆరుగురు స్త్రీలు. యంత్రం తయారుచెయ్యడం గొప్ప, దానిచేత పని చేయించడం గుమాస్తాగిరీ అనుకున్నారు కనుకనే అది ఆడవాళ్ళకిచ్చారు. ఆ పనికి డబ్బూ ప్రతిష్ఠా వచ్చాక కథ మారింది. 1984 ప్రాంతంలో అక్కడ కంప్యూటర్ డిగ్రీలు తీసుకున్నవారిలో 37 శాతం స్త్రీలు. తర్వాత పాతికేళ్ళకు అది 20 శాతం లోపుకి పడిపోయింది.

మన దగ్గర దారి వేరు. నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం, మర్యాదైనది అని తల్లిదండ్రులే ఆడపిల్లల్ని కంప్యూటర్ కోర్సుల్లో చేర్పించారు. పితృస్వామ్యం తన కారణాలతో తెరిచిన తలుపు ఇది. పిల్లలు తమ కారణాలతో లోపలికి వెళ్ళారు. పెళ్ళి కుదిరాక ఆ తలుపు మళ్ళీ ఎవరి చేతిలో ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయం. సాఫ్ట్‌వేర్ తయారీలో మొదటి మెట్టు కోడ్ రాయడం కాదు. ఎవరికి ఏం కావాలో, వాళ్ళు ఆ పని ఎలా చేస్తున్నారో అడిగి తెలుసుకోవడం. పాఠ్యపుస్తకంలో ఇది ఒక అధ్యాయం. పరీక్ష రాసి మరచిపోతారు. అడగకపోతే ఏమవుతుందో చూడండి. ఉపాధి హామీ పనిచోట రోజుకు రెండుసార్లు సెల్‌ఫోన్లో ఫొటో తీసి హాజరు వెయ్యాలన్న విధానాన్ని 2023 జనవరి 1 నుంచి దేశమంతటా అన్ని పనిచోట్లా తప్పనిసరి చేశారు. మన పనులు కొలతల మీద నడిచేవి. తెల్లవారుతూనే వెళ్ళి, ఎండ ముదిరే లోపు తమ వాటా తవ్వి, ఇంటికి పోయి వంట చేసుకునేవారు స్త్రీలు. పని పూర్తయ్యాక కూడా రెండో ఫొటో కోసం ఆగాలి, లేదా తిరిగి రావాలి. సిగ్నల్ లేకపోతే ఆ పూట హాజరు అనుమానమే. ఆ యాప్ రాసినవాడు చెడ్డవాడని నేననడం లేదు. కూలి మనిషికి ఇంట్లో ఇంకో పని ఉంటుందన్న సంగతి అతని లెక్కలో లేదు, అంతే.

2021 మార్చిలో వచ్చిన పోషణ్ ట్రాకర్ కూడా ఇంతే. ఇంటికిచ్చే సరుకులకు 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి అన్నారు. దానికి ముందు ఆధార్‌తో ధ్రువీకరణ, దానికొక ఓటీపీ. గర్భిణి ఆధార్‌కు ముడిపెట్టిన నెంబరు చాలా ఇళ్ళల్లో భర్తది. ఆ భర్త చెన్నైలో కూలిపనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి వెళుతుంది, పాలూ గుడ్లూ ఇక్కడ ఆగుతాయి. తిట్లు మాత్రం కార్యకర్తకు. వలస జిల్లాలో ఫోను ఎవరి దగ్గర ఉంటుందని ముందే ఒక్క అంగన్‌వాడీ అక్కను అడిగి ఉంటే ఈ చిక్కు తెలిసేది కాదా?

హక్కుల మాట ఒకటి చెప్పాలి. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. అది కంపెనీలకే కాదు, విద్యాసంస్థలకూ వర్తిస్తుంది. ఉన్నత విద్యాసంస్థల్లో ఫిర్యాదుల కమిటీలో విద్యార్థులకూ చోటుండాలని 2015లో యూజీసీ నిబంధనలు చేసింది. పది మంది కన్నా తక్కువ పనిచేసే సంస్థల్లో వేధింపు జరిగితే జిల్లా స్థాయి స్థానిక కమిటీ దగ్గరకు వెళ్ళవచ్చు. ఉద్యోగ నియామకాల గురించి గంటసేపు మాట్లాడే వక్తలు ఈ మూడు ముక్కలూ చెప్పగా నేను వినలేదు. శిక్షణ పేరుతో చిన్న ఆఫీసుల్లో జీతం లేకుండా పనిచేసే పిల్లలకు ఈ కబురు చాలా అవసరం.

కనుక ఈ సమావేశం నుంచి విశ్వవిద్యాలయాలకు ఒక ఉత్తరం వెళ్ళాలని ప్రతిపాదిస్తున్నాను. వచ్చే ఉపన్యాసంలో ఒక అంగన్‌వాడీ కార్యకర్తనూ, ఉపాధి పనులు చూసిన ఒక మేటునూ వక్తలుగా పిలవాలి, సన్మానం కోసం కాదు. వాళ్ళు తమ ఫోను చూపించి ఏ తెర దగ్గర ఏమవుతుందో చెబితే విద్యార్థులు రాసుకోవాలి. ఆఫీసులో కంప్యూటర్ పనిచేసే ఉద్యోగినులకు ఆ పూట సెలవిచ్చి కూర్చోబెట్టాలి. వచ్చే అక్కలకు ఆనాటి కూలీ, బస్సు చార్జీ ఎవరిస్తారన్నది కూడా ఆ ఉత్తరంలోనే రాద్దాం.