కంప్యూటరులోని తెలుగు వ్రాత



మైదుకూరు ప్రాంతమున నొక భజనసమాజమువారు పదునైదేండ్ల క్రిందట తమ తత్త్వములను కంప్యూటరున కూర్పించి దాఁచుకొనిరి. చేతివ్రాతప్రతి చెదలపాలయ్యెను. ఆ పాటలెఱిఁగిన వృద్ధులలో ఒక్కరే మిగిలిరి. మొన్న ఆ ఫైలును క్రొత్తయంత్రమున తెఱవఁగా, తెలుగునకు మాఱుగ అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కానవచ్చెను. యంత్రము చెడినదని తలఁచి మరమ్మతునకు రూకలు వెచ్చించిరి. చెడినది యంత్రము కాదు.

వెనుకటి అచ్చుకూర్పు సాఫ్టువేరులు పెక్కింట, ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగిరి. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడిపోవును. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు ప్రత్యేకసంఖ్యల నొసఁగెను. ‘క’కారమునకు 3093, మైదుకూరనైనను అమెరికానైనను అదియే. అరసున్నకును బండి ఱకును సైతము తావు కలదు. చేతిఫోను మీటలలో వానిని వెదకి పట్టుట వేఱొక తపస్సు!

1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర పండితులచే వ్రాయించిన ప్రతులు నేఁటికిని చదువవచ్చును. మన ఫైలు పదునైదేండ్లకే మూగవోయినది.

ఇట్టి ఫైళ్లు గలవారు పాత ఫాంటు పేరు కనుఁగొని, యూనికోడునకు మార్పించుకొనవలెను. మార్పులో వత్తులు తఱచుగ తాఱుమాఱగును. కావున ఆ పాటలెఱిఁగిన వృద్ధుని కూర్చుండఁబెట్టి, పాడించుకొనుచు దిద్దుకొనుఁడు. పని ముగిసినను పాతఫైలును చెఱుపకుఁడు.